తెర మీద ఎన్ని గడులు?

నోటు పుస్తకంలో పట్టిక గీయమంటే మీరు మొదట ఏం చేస్తారు? కాగితం వెడల్పు చూసుకుంటారు. ఎడమవైపు మార్జిను వదిలి, మిగిలిన చోటును స్కేలుతో కొలిచి, ఎన్ని గడులు పడతాయో లెక్క వేసుకుని, ఆ తరువాతే గీతలు గీస్తారు. కొలవకుండా మొదలుపెడితే చివరి గడికి చోటే మిగలదు. కంప్యూటరు తెర మీద పట్టిక వేసే ప్రోగ్రాముకు కూడా ఇదే చిక్కు. పైగా దానికి కళ్ళు లేవు! తెర వెడల్పు ఎంతో అది ఎవరినైనా అడిగి తెలుసుకోవలసిందే. మరి ఎవరిని అడుగుతుంది?

ఒక పని పెట్టుకుని చూద్దాం. తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ మూడు ఊళ్ళలో ఇవాళ పడిన వాన, నిన్న పడిన వాన, ఈ నెలలో ఇంతవరకు పడిన మొత్తం వాన తెర మీద పట్టికగా రావాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దెబ్బ తిన్న తీరం మనది. ఇక్కడ వాన లెక్క నవ్వులాట కాదు. అంకె ఒక గడి పక్కకు జరిగితే నిన్నటి వానను ఇవాళ్టి వానగా చదివేస్తాం.

ఈ పనికి పెద్ద ప్రోగ్రాము అక్కరలేదు. లినక్సు వంటి వ్యవస్థలలో షెల్ అనే భాగం ఉంటుంది. మనం అక్షరాలతో టైపు చేసిన ఆజ్ఞలను అందుకుని పని చేయించేది అదే. కొన్ని ఆజ్ఞలను ఒక ఫైలులో వరుసగా రాసిపెడితే దాన్ని షెల్ స్క్రిప్టు అంటారు. స్క్రిప్టు నడిచే నల్లని కిటికీ పేరు టెర్మినల్. టెర్మినల్ తెరను గళ్ళ కాగితంలా ఊహించుకోండి. అడ్డంగా కొన్ని గడులు, నిలువుగా కొన్ని వరుసలు. ఇంగ్లీషు అక్షరమైతే గడికి ఒకటి.

ఎన్ని గడులు? చాలాకాలం దీనికి ఒకే జవాబు ఉండేది: 80. ఈ అంకె వెనుక కథ ఉంది. 1928లో ఐ.బి.ఎం. సంస్థ 80 నిలువు వరుసల చిల్లుల కార్డును తెచ్చింది. కంప్యూటర్లు వచ్చాక వాటికి సమాచారం ఎక్కించడానికి ఆ కార్డులే వాడారు. కార్డులు పోయి తెరలు వచ్చినా 80 మాత్రం పోలేదు. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ తయారుచేసిన వి.టి. 100 అనే ప్రసిద్ధమైన టెర్మినల్‌లో 80 గడులు, 24 వరుసలు ఉండేవి. నేటికీ ఎన్నో కంప్యూటర్లలో టెర్మినల్ కిటికీ తెరవగానే 80 గడులు, 24 వరుసలతోనే తెరుచుకుంటుంది. కార్డును కళ్ళతో చూడనివాళ్ళం కూడా దాని వెడల్పునే వాడుతున్నామన్నమాట.

అయితే టెర్మినళ్ళు అన్నీ ఒక్కలాంటివి కావు. ఒకదానికి పనిచేసిన సంకేతం మరొకదానికి పనిచేయదు. అందుకని ఏ టెర్మినల్‌కు ఏ గుణాలున్నాయో రాసిపెట్టే ఒక జాబితా కావలసి వచ్చింది. 1970ల చివర బర్క్‌లీలో బిల్ జాయ్ టెర్మ్‌క్యాప్ అనే జాబితాను తయారుచేశాడు. 1980ల మొదట్లో దానికన్నా మెరుగైన టెర్మ్‌ఇన్ఫో వచ్చింది. ఈ టెర్మ్‌ఇన్ఫోను చదివి చెప్పే ఆజ్ఞే మన కథానాయకుడు. దాని పేరు టీపుట్. టి-పి-యు-టి అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, సి-ఓ-ఎల్-ఎస్ అని కొట్టండి. అడ్డంగా ఎన్ని గడులో చెబుతుంది. చివరి మాటకు బదులు లైన్స్ అని కొడితే ఎన్ని వరుసలో చెబుతుంది.

మౌసుతో కిటికీ అంచు పట్టి లాగి, అదే ఆజ్ఞ మళ్ళీ ఇవ్వండి. అంకె మారిపోతుంది! జాబితాలో రాసి ఉన్న అంకె ఎలా మారిందంటారా? మారలేదు. కంప్యూటరులో కెర్నెల్ అనే కేంద్రభాగం ప్రతి టెర్మినల్‌కూ గడులెన్ని, వరుసలెన్ని అని చిన్న లెక్క ఉంచుకుంటుంది. కిటికీ సైజు మారినప్పుడల్లా ఆ లెక్క దిద్దుతారు. లోపల నడుస్తున్న ప్రోగ్రాముకు ‘సైజు మారింది’ అని ఒక సంకేతం కూడా వెళుతుంది. దాని పేరు సిగ్‌వించ్. టీపుట్ మొదట కెర్నెల్‌ను అడుగుతుంది. అక్కడ జవాబు లేకపోతేనే జాబితా తిరగేస్తుంది.

ఇంకొక ఆజ్ఞ ఉంది: ఎస్.టి.టి.వై. సైజ్. ఇది రెండు అంకెలూ ఒకేసారి ఇస్తుంది, ముందు వరుసలు, తరువాత గడులు. తిరగేసి చదివారంటే లెక్క తారుమారే. ఇది జాబితా జోలికి పోదు. టెర్మినల్ లేని చోట, అంటే స్క్రిప్టుకు సమాచారం కీబోర్డు నుంచి కాక మరో ప్రోగ్రాము నుంచి వస్తున్నప్పుడు, తప్పు అని చూపి ఊరుకుంటుంది. టీపుట్ అయితే అలాంటి చోట జాబితాలోని పాత 80నే చెప్పేయవచ్చు. జవాబు తెలియక లేచి నిలబడిన విద్యార్థికీ, పక్కవాడి పలకలో చూసి చెప్పినవాడికీ ఉన్న తేడా ఇది. నాకు మొదటివాడే నచ్చుతాడు.

సరే, తెర వెడల్పు తెలిసింది. ఇక పట్టిక వేద్దాం. ఊరి పేరుకు 24 గడులు, మూడు అంకెలకు తలా 10 గడులు, మొత్తం 54. తెర 80 గడులది కనుక చోటుకు కొదవ లేదు. ఇన్ని గడుల చోటులో రాయి అని చెప్పడానికి ప్రింట్‌ఎఫ్ అనే ఆజ్ఞ ఉంది. పేరు పొట్టిదైతే మిగిలిన చోటును ఖాళీలతో నింపుతుంది. ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో రాస్తే అంకెలన్నీ సైనికుల్లా ఒకదాని కింద ఒకటి నిలబడతాయి. తెలుగులో రాసి చూడండి. వరుస చెదిరిపోతుంది!

ఎందుకు? 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులో మన లిపికి చోటు దొరికింది. అందులో గుణింతం గుర్తులకు కూడా విడివిడి సంకేతాలే. ‘తెనాలి’ మన కంటికి మూడక్షరాలు. కంప్యూటరుకు త, ఎత్వం, న, దీర్ఘం, ల, గుడి, వెరసి ఆరు సంకేతాలు. ‘బాపట్ల’ కూడా ఆరే: బ, దీర్ఘం, ప, ట, పొల్లు, ల. ‘రేపల్లె’ ఏడు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అంటే తెనాలికి 18, బాపట్లకు 18, రేపల్లెకు 21 బైట్లు.

తెర మీద లెక్క వేరు. లినక్సు వాడుకలో హల్లుకు ఒక గడి ఇస్తారు. ఎత్వం, గుడి, దీర్ఘం, పొల్లులకు గడి లేదు. ఒత్తుగా కిందికి దిగిన ‘ల’ మాత్రం హల్లే కనుక దానికీ ఒక గడి. ఆ లెక్కన తెనాలికి 3, బాపట్లకు 4, రేపల్లెకు 4 గడులు.

ఇప్పుడు నేరస్థుడు దొరికాడు. బ్యాష్ అనే షెల్‌లోని ప్రింట్‌ఎఫ్ కొలిచేది గడులను కాదు, బైట్లను. 24లో 18 నిండాయనుకుని తెనాలి పక్కన 6 ఖాళీలే వదులుతుంది. తెర మీద పేరు 3, ఖాళీలు 6 కలిసి 9 గడులు. బాపట్లకు 4, 6 కలిసి 10. రేపల్లెకు 4, 3 కలిసి 7. మూడు అంకెలూ మూడు చోట్ల మొదలయ్యాయి! ఇంగ్లీషులో అక్షరం, బైటు, గడి మూడూ ఒకటే కావడంతో ఈ తేడా అక్కడివాళ్ళ కంటపడలేదు.

మందు ఏమిటి? ఖాళీలు లెక్కపెట్టడం మానేయడమే. పేరు రాశాక, కర్సరును 24వ గడి దాటించి నిలపమని చెప్పాలి. ఈ పనీ టీపుట్‌దే. హెచ్-పి-ఎ అని, పక్కన 24 అని ఇస్తే సరి. పేరు ఎంత చోటు తిన్నా అంకె తన చోటే ప్రారంభమవుతుంది. చాలా టెర్మినళ్ళలో ఇది పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇది తెరకే. ఫలితాన్ని ఫైలులోకి పంపితే ఆ సంకేతాలు చెత్తలా మధ్యలో కూర్చుంటాయి.

దీనికి ముందు తెర వెడల్పు అడగడం మరువకండి. ఫోనులో టెర్మినల్ తెరిచి నిలువుగా పట్టుకుంటే 54 గడులు ఉండకపోవచ్చు. అప్పుడు నెల మొత్తం తెగి కింది వరుసలో పడి, మరో ఊరి అంకెలా కనిపిస్తుంది. 54 కన్నా తక్కువ వస్తే ఊరికి ఒక వరుస కాకుండా, ఊరి పేరు కింద మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాయమని స్క్రిప్టులో పెట్టుకోండి.

ఈ పట్టికలో నిజాంపట్నం కూడా చేర్చి, పాత ప్రింట్‌ఎఫ్ పద్ధతిలోనే ఒకసారి నడిపి చూడండి. న, గుడి, జ, దీర్ఘం, సున్న, ప, ట, పొల్లు, న, సున్న. పది సంకేతాలు, 30 బైట్లు. 24 ఎప్పుడో దాటిపోయింది కనుక ఒక్క ఖాళీ కూడా పడదు. ఇవాళ్టి వానకు ఊరి పేరు నుంచి విడిగా ఉండే చోటే దొరకదు.