మండీలో ఆరితేరిన కన్ను

2022 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె టమాటా మార్కెట్‌లో పాత వ్యాపారి వేలానికి ముందు క్రేటులో చెయ్యిపెట్టి అడుగు కాయలు రెండు పైకి తీస్తాడు. దోర ఎంత, తోలు ఎంత బిగువుగా ఉంది, మచ్చలున్నాయా అని చూసి, సరుకు దూరప్రయాణానికి ఆగుతుందో లేదో అక్కడికక్కడే తేల్చేస్తాడు. ఆ అంచనా తప్పితే నాలుగు రోజుల్లో నష్టం రూపంలో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి ఇలా దిద్దుబాటు జరగడం వల్లే ఆ కన్ను ఆరితేరింది.

వచ్చే నెల ధర సంగతి వేరు. అది కోలారులో ఎంత నాటారు, మహారాష్ట్రలో వానలెలా పడ్డాయి అన్నవాటి మీద ఆధారపడుతుంది. 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటిన టమాటా సెప్టెంబరుకల్లా 20 లోపుకు దిగింది. కాయను చదివే నేర్పు ఇక్కడ అక్కరకు రాదు. పరిసరాలు ఒక క్రమంలో నడుస్తూ, తప్పొప్పులు త్వరగా తెలిసే చోటే నిపుణుడి అంతర్దృష్టిని నమ్మవచ్చని 2009లో మనస్తత్వవేత్తలు కానెమన్, క్లైన్ రాశారు.

నైపుణ్యం ఎంత ఇరుకైనదో చదరంగం చూపింది. 1973లో పరిశోధకులు చేజ్, సైమన్ చదరంగం బల్లను ఐదు సెకన్లు చూపించి పావులను తిరిగి పేర్చమన్నారు. నిజమైన ఆట నడుమ స్థితిలో మాస్టర్ సుమారు 16 పావులు సరిగా పెట్టాడు, కొత్తవాడు నాలుగే. పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే మాత్రం మాస్టర్ ఆధిక్యం దాదాపు మాయమైంది. అతనికి ఉన్నది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, ఆటలో పదేపదే ఎదురయ్యే అమరికల నిల్వ.

తన వృత్తిలోని ప్రశ్నే అయినా, లెక్క రూపంలో వస్తే నిపుణుడు తడబడవచ్చు. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు. పరీక్ష ఆరోగ్యవంతుల్లో నూటికి ఐదుగురికి పొరపాటున జబ్బు ఉన్నట్టు చూపుతుంది. పరీక్షలో జబ్బు ఉన్నట్టు తేలిన మనిషికి అది నిజంగా ఉండే అవకాశమెంత? 1978లో హార్వర్డ్ ఆసుపత్రుల్లో 60 మంది డాక్టర్లను, వైద్య విద్యార్థులను ఇదే అడిగారు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు 95 శాతం. వెయ్యిమందిని ఊహించుకుంటే లెక్క తేలిక: అసలు రోగి ఒక్కరు, పొరపాటున తేలేవారు సుమారు 50 మంది. అంటే సరైన జవాబు సుమారు 2 శాతం. అలా చెప్పినవారు 11 మందే. చదువు లేక కాదు, జబ్బు ఎంత అరుదో లెక్కలోకి తీసుకునే అలవాటు లేక.

ఆ అలవాటు నేర్పితే వస్తుంది. 1988లో పరిశోధకులు లేమన్, లెంపర్ట్, నిస్బెట్ ఉన్నతవిద్య చదివేవారిని పరీక్షిస్తే, మనస్తత్వశాస్త్రం, వైద్యం చదివినవారికి రెండేళ్లలో నిత్యజీవిత ప్రశ్నల్లోనూ సంభావ్యతతో ఆలోచించడం మెరుగైంది. రసాయనశాస్త్ర విద్యార్థుల్లో ఆ మార్పు లేదు. వారి తెలివికేం లోటు లేదు. గాజుగొట్టంలో చర్య దాదాపు ప్రతిసారీ ఒకే తీరుగా జరుగుతుంది గనుక, ‘బహుశా’తో తూకం వేసే పని వారికి అంతగా పడదు.