కూర కోసే చేతులకు కూర కరువు

కూలి రేట్ల సంగతి మాట్లాడదామని మొన్న సాయంత్రం రామాపురం పోయాం. అరుగు మీద కూర్చోకముందే ఆడకూలీలు అడిగింది కూలి గురించి కాదు. "తెనాలిలో టమాటా ఎంతుందన్నా?" అన్నారు. చెప్పాం. ఒకామె నవ్వింది. "ఆ రేటు పట్నంలో ఉండేవాళ్ళకి. మా కాడికొచ్చేసరికి దాని మీద సగం ఎక్కుద్ది. అది కూడా మెత్తబడిందే వస్తది" అంది. ఆ రోజు ఆమె ఇంట్లో కాచింది చింతపండు చారు. ముందు రోజు గోంగూర పచ్చడి. దాని ముందు రోజు మళ్ళీ చారే. ఆ పొద్దున ఆమె పోయి వచ్చింది మాత్రం వంగతోటలో కాయ కోతకు!

పేరుకు తెనాలి, బాపట్ల, రేపల్లె నడుమ ఉన్నాం. కృష్ణా పశ్చిమ డెల్టా, కాలవ నీళ్ళు, వరి మీద మినుము. ఇక్కడ తిండికి కరువంటే బయటివాళ్ళు నమ్మరు. బియ్యానికి కరువు లేదు, నిజమే. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక కూలి ఇంట్లో పొయ్యి వెలగని రోజులు తగ్గాయి. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల గింజలు హక్కుగా రాసింది. బడిలో పిల్లవాడికి మధ్యాహ్నం కూరో పప్పో పడుతుంది. సాయంత్రం వాడి అమ్మ అన్నంలో ఏం కలుపుకుంటుందన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా ప్రకారం మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలి. నలుగురున్న ఇంటికి అది కిలోన్నర దాటుతుంది. ఈ లెక్క చదివి వినిపిస్తే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారానికి అంత తెస్తే గొప్పంట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. నాట్లలో కళ్ళు తిరిగి కూలబడేది ఎందుకో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది.

మా అమ్మల కాలంలో డబ్బులు ఎక్కువ ఉన్నాయా? లేవు. కాని కలుపుకు పోయిన మనిషి ఒడిలో పొన్నగంటి కూరో, గంగపాయల కూరో, కొయ్యతోటకూరో లేకుండా ఇంటికి వచ్చేది కాదు. పిల్లకాలవల్లో చేపపిల్ల దొరికేది. అవేవీ అంగట్లో కొన్నవి కావు. ఇప్పుడు చేలో కలుపు మందు కొడుతున్నారు. ఆ మందుతో కలుపుతీత కూలీ పోయింది, ఒడిలోకి వచ్చే కూరా పోయింది. రెండు దెబ్బలూ ఒకే మనిషికి తగిలాయి. సముద్రం దిక్కున, నిజాంపట్నం, రేపల్లె వైపు, 1990ల మొదట్లో రొయ్యల చెరువులు వచ్చి పక్క పొలాలకు, బావులకు ఉప్పు పట్టించాయి. తీరప్రాంతం నుంచి ఆ చెరువులు తీసెయ్యమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి వాటికి మళ్ళీ దారి ఇచ్చింది.

దొడ్లో పెంచుకోవచ్చు కదా అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ఉన్నారు. ఏ దొడ్లో? 2020 డిసెంబరులో మొదలుపెట్టి ప్రభుత్వం పల్లెల్లో ఇచ్చిన ఇళ్ళ స్థలం సెంటున్నర. అంటే 72 గజాలు. అందులో గది, మరుగుదొడ్డి, నీళ్ళతొట్టి పోను ఆనపపాదు ఎక్కడ పెట్టాలి? పొరుగువాడి గోడ మీదికి పాకిస్తే తగువు. 5 సెంట్ల స్థలం కావాలని కూలిసంఘాలు అడిగేది దర్జా కోసం కాదు.

ఇక కూరగాయలు ఎక్కడో దూరాన పండుతున్నాయా అంటే అదీ లేదు. కొల్లూరు, భట్టిప్రోలు మండలాల లంకల్లో అరటి, కంద, పసుపు, కూరగాయలు పండుతాయి. కోసేది మనవాళ్ళే. కోసిన కాయ పట్నం మార్కెట్టుకు పోతుంది. అక్కడ కమీషన్ కొట్టు, కాటా, హమాలీ ఖర్చు, చిల్లర వ్యాపారి. అవన్నీ దాటి మోపెడ్ మీద మళ్ళీ మన పల్లెకే వస్తుంది. హోటళ్ళకు, పట్నం అంగళ్ళకు మంచిది పోగా మిగిలిన ముదురు వంకాయ, వాడిన తోటకూర మన వంతు. లంక రైతు బాగుపడ్డాడా? వాళ్ళలో చాలామంది కౌలుదార్లే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు వదిలినప్పుడు వాళ్ళ తోటలు మునిగాయి. కౌలు మాత్రం మునగలేదు.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు లంకల్లో కాయ కొనేవాడు లేక చేలోనే పండిపోయింది. పల్లెల్లో తినటానికి లేదు. మేము చందా వేసుకుని ఒక ఆటో మాట్లాడి, రైతుల దగ్గర చేను మీదే కొని, రామాపురంలో కొన్న ధరకే అమ్మాం. మొదటి రోజు గంటలో అయిపోయింది. బెండకాయ చూసి పిల్లలు పండగ చేశారు. మాకూ గర్వం వచ్చింది, దాచటం ఎందుకు.

నెల తిరిగేసరికి తేలింది. పని లేని వారంలో అందరూ అరువే. ఆకుకూర మధ్యాహ్నానికి వాడి పారబోశాం. ఆటో బాడుగ ఎవరి పద్దులో రాయాలో మాలో మాకే మాట పట్టింపు వచ్చింది. వీటన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. వారానికి రెండుసార్లు వచ్చే మోపెడ్ అబ్బాయి ఒకరోజు మా దగ్గరకు వచ్చి, "నా పొట్ట కొట్టటానికి సంఘం పెట్టారా అన్నా?" అన్నాడు. అతనూ సెంటు భూమి లేనివాడే. తెల్లారుజామున కమీషన్ కొట్లో అప్పుకు సరుకు తెచ్చుకుని రాత్రికి కట్టేవాడు. కాయ మిగిలిపోతే నష్టం అతనిదే. ధర ఎక్కువ చెప్పేది అందుకే. మేము మీటింగుల్లో దళారీ దళారీ అని తిట్టే జాబితాలో ఇతన్నీ కలిపేశాం. అది మా తప్పు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాం. మూడు నెలలకు ఆటో ఆగింది.

బ్రెజిల్ దేశంలో బెలో హోరిజోంటె అనే నగరం ఉంది. 1993లో అక్కడి కార్మిక పార్టీ పురపాలక ప్రభుత్వం చేసిన పని మాకు తర్వాత తెలిసింది. నగరం నడిబొడ్డున మంచి బేరం సాగే చోట కూరగాయల అంగడి పెట్టుకోనిస్తుంది. దానికి బదులు ఆ వ్యాపారి ముఖ్యమైన సరుకులు ప్రభుత్వం చెప్పిన ధరకు అమ్మాలి, సెలవు రోజుల్లో బండి కట్టుకుని శివారు పేటలకూ పోవాలి. నడిబొడ్డున వచ్చే లాభం శివారు ఖర్చును భరిస్తుంది. మోపెడ్ అబ్బాయినీ బతకనిచ్చి, పల్లెకూ కూర చేర్చే దారి ఇందులో ఉందనిపించింది.

మన దగ్గర 1999 జనవరి నుంచి రైతుబజార్లు ఉన్నాయి. అవి పట్నాలవి. రామాపురం నుంచి పోయి తెచ్చుకోవాలంటే బస్సు చార్జీ, సగం రోజు కూలి పోతాయి. బండి పల్లెకు రావటం కుదరదని అధికారులు అంటారు. 2021లో ఇదే రాష్ట్రంలో 9,260 వాహనాలు పెట్టి బియ్యం గుమ్మం ముందుకు తెచ్చారు కదా! 2025 జూన్‌లో వాటిని ఆపేశారు. ఆ పద్ధతి మంచిదా, డిపో మంచిదా అన్న తగువులోకి మేము ఇప్పుడు పోవటం లేదు. బండి మా పల్లె దారిలో పట్టిందన్నది అందరూ చూశారు. అంతవరకు చాలు.

ఇంకో సంగతి కూడా ఆడవాళ్ళే ఎత్తారు. ఊళ్ళో అంగళ్ళన్నీ పెద్దవాళ్ళ బజార్లో ఉన్నాయి. కూలి పెంచమని పని ఆపితే మొదట ఆగేది అరువు. 1991లో చుండూరులో దళితులను చంపటానికి ముందు వాళ్ళను వెలి వేశారు. ఆ సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. "కూర మా బజారుకే వస్తే ఆ నాలుగు రోజులు నిలబడతాం" అని ఒక పెద్దామె అంది. కూలి రేట్ల మీటింగులో కూరగాయల మాటేమిటని మొదట విసుక్కున్న మా కార్యకర్త ఒకతను ఆ తర్వాత నోరెత్తలేదు.

మేము రాసిన వినతిపత్రంలో కూలి రేటు కిందనే ఇది చేర్చాం: రైతుబజారు స్టాళ్ళు తీసుకున్నవాళ్ళు వారానికి రెండు రోజులు శివారు పల్లెలకు బండి పంపాలి, ఆ బాడుగలో సగం మార్కెట్ కమిటీ భరించాలి, పల్లెల్లో తిరిగే చిన్న వ్యాపారులకు అప్పు ఇవ్వాలి. ఈలోగా ఆటో మళ్ళీ మొదలవుతోంది, ఈసారి ఆదివారం, బుధవారం మాత్రమే. ఆకుకూర తీసుకురాం, ఆగే కాయలే తెస్తాం. అరువు పద్దు ఆడవాళ్ళ దగ్గర ఉంటుంది. తోలేది ఆ మోపెడ్ అబ్బాయే. కిలోకు అతనికి ఎంత మిగలాలన్నది ఇంకా తెగలేదు. శనివారం రాత్రి మళ్ళీ కూర్చుంటున్నాం.