జాతి కలిపితే కుక్క పెద్దదవుతుందా?

భోగాపురం: కొబ్బరితోట వున్న రైతుకు, జీడితోట కౌలుకు తీసుకున్నవారికి, గొర్రెల మందను తోలుకు తిరిగే కాపరికి కుక్క లేనిదే రాత్రి గడవదు. అటువంటివారు కుక్కపిల్లను కొనబోతూ ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే. ఎంత ఎత్తు ఎదుగుతుంది? అమ్మేవారి దగ్గర రెండు జవాబులు సిద్ధంగా వుంటాయి. ఇది అసలు జాతి, తాతల నాటి రక్తం చెదరలేదని ఒకరంటారు. రెండు పెద్ద జాతులను కలిపిన క్రాసు, తల్లిదండ్రులను మించి పెరుగుతుందని మరొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. డబ్బు పెట్టేవాడు తెలుసుకోవలసింది ఆ మిగిలిన సంగతి.

మనిషి ఎత్తును వేలాది జన్యుభేదాలు తలా కాస్త నిర్ణయిస్తాయి. కుక్క విషయం అలా కాదు. జాతికీ జాతికీ మధ్య కనిపించే పరిమాణపు తేడాలో చాలా భాగం సుమారు పాతిక జన్యువుల పనేనని శాస్త్రజ్ఞులు తేల్చారు. వాటిలో ముఖ్యమైన ఐజిఎఫ్-1 అనే జన్యువు సంగతి 2007లో అమెరికాలో బయటపడింది. పొట్టి కుక్కలలో కనిపించే దాని రూపం 54,000 ఏళ్లనాటి తోడేలులో కూడా వున్నదని 2022లో తెలిసింది. ఇంత కొద్ది జన్యువుల మీద ఆధారపడింది కాబట్టే కుక్క ఎత్తును కొద్ది తరాలలోనే పెంచవచ్చు. అంత త్వరగానూ పోగొట్టుకోవచ్చు.

అయితే రక్తమే సర్వస్వం కాదు. అంధులకు దారిచూపే కుక్కలను పెంచే అమెరికా సంస్థ 'సీయింగ్ ఐ'లో అల్సేషన్, లాబ్రడార్ జాతుల బరువులను లెక్కకట్టగా, ఒకే జాతి కుక్కల మధ్య తేడాలో సుమారు సగం మాత్రమే వంశం నుంచి వచ్చినట్లు తేలింది. తక్కినది తల్లిపాలు, తిండి, ఆరోగ్యం. ఏలికపాములతో పొట్ట ఉబ్బిన పిల్లకు ఎంత గొప్ప తాత వున్నా ప్రయోజనం లేదు.

మేనరికం లెక్క

ఒక మేటి మగకుక్కను పట్టుకుని, దానిని దాని మనుమరాళ్లతోనూ, ఆ వంశంలోని ఇతర ఆడకుక్కలతోనూ దాటిస్తూ ఆ రక్తాన్నే నిలబెట్టడాన్ని లైన్ బ్రీడింగ్ అంటారు. మన ఇళ్లలో అక్క కూతురిని చేసుకుంటే పుట్టే బిడ్డకు రక్తసంబంధం లెక్క 12.5 శాతం. తాతకూ మనుమరాలికీ దాటిస్తే పుట్టే కుక్కపిల్లకు కూడా సరిగ్గా అంతే. తండ్రీ కూతుళ్లను, తోబుట్టువులను కలిపితే 25 శాతం.

ఈ పద్ధతి వల్ల మేలు లేదనలేము. ఈతలోని పిల్లలన్నీ ఇంచుమించు ఒకే తీరున పెరుగుతాయి. పిల్ల ఎంత ఎత్తు అవుతుందో కొనేవాడికి ముందుగానే అంచనా దొరుకుతుంది. కాని వంశం దగ్గరయ్యే కొద్దీ ఎదుగుదల మందగిస్తుందని, చూలు నిలవడం తగ్గుతుందని పశువులలోనూ కోళ్లలోనూ ఎప్పుడో రుజువైంది. గోల్డెన్ రిట్రీవర్ జాతి మీద 2019లో వెలువడిన అధ్యయనంలో, తల్లికి ఈ లెక్క 10 శాతం పెరిగితే ఈతకు సగటున ఒక పిల్ల తగ్గుతున్నట్లు కనబడింది. 227 జాతులను పరీక్షించిన మరో అధ్యయనం 2021లో వచ్చింది. సగటు 25 శాతం దగ్గర వుంది! అంటే జాతికుక్క అని మనం ముచ్చటపడేవి చాలావరకు తోబుట్టువుల పిల్లలతో సమానం. ఎంపిక గట్టిగా వున్నంతకాలం ఎత్తు నిలుస్తుంది. అది సడలితే తగ్గుతుంది. మందలో పొట్టేలును మార్చుతూ వుండాలన్న సంగతి గొర్రెల కాపరికి ఎవరూ నేర్పనక్కరలేదు. కుక్క దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి ఈ మాట మరచిపోవడం విచిత్రం.

రాజపాలయం కుక్కను చూడండి. తమిళనాడులోని ఆ వూళ్లో స్థిరపడినవారు విజయనగర రాజుల కాలంలో తెలుగుదేశం నుంచి వలసపోయిన రాజులు. వారి పేరుతో ముడిపడిన ఈ తెల్లని జాగిలం 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది. పొలాలకు, ఇళ్లకు కాపలాగా, అడవిపంది వేటకు తోడుగా పేరు తెచ్చుకుంది. 2005లో తపాలా శాఖ దీనిపై బిళ్ల కూడా విడుదల చేసింది. గులాబీరంగు ముక్కు, మచ్చలేని తెలుపు కావాలని జనం పట్టుబట్టడంతో ఆ రంగు కోసమే దగ్గర రక్తాన్ని కలుపుతూ పోయారు. ఎత్తు మిగిలింది గాని, ఆ జాతిలో పుట్టుచెవుడు కనిపిస్తున్నది. దొంగ అడుగుల చప్పుడు వినబడని కుక్క ఎంత ఎత్తుంటే ఏం లాభం?

హైబ్రిడ్ మొక్కజొన్న సామెత

ఇక క్రాసు సంగతి. పెద్ద జాతికీ ఊరకుక్కకూ పుట్టినవి సాధారణంగా తల్లిదండ్రుల నడిమి ఎత్తుకు వస్తాయి. దూరపు రక్తం కలిసినందువల్ల చురుకుగా, గట్టిగా వుంటాయి. దానిని చూసి మురిసిపోయి ఆ క్రాసు పిల్లలనే మళ్లీ ఒకదానితో ఒకటి దాటిస్తే కథ మారుతుంది. హైబ్రిడ్ మొక్కజొన్న గింజలను దాచి మరుసటి ఏడు విత్తిన రైతుకు ఏమవుతుందో తెలుసు. ఒక మొక్క నిలువెత్తు, పక్క మొక్క మోకాలెత్తు. రెండో తరం కుక్కపిల్లలూ అంతే. ఒకే ఈతలో పొట్టివీ పొడుగువీ పుడతాయి. అందుకే అంధుల కుక్కలను పెంచే సంస్థలు లాబ్రడార్‌ను, గోల్డెన్ రిట్రీవర్‌ను వేర్వేరుగా నిలబెట్టుకుంటూ, వాటిని కలిపిన మొదటి తరాన్ని పనికి తీసుకుంటాయి. రెండు జాతులూ ఇంచుమించు ఒకే పరిమాణం కనుక పిల్ల ఎత్తు విషయంలో తికమక వుండదు.

పెద్దదానికి పెద్దది కలిపితే మరింత పెద్దది వస్తుందన్న ఆశ కూడా పాతదే. 1930లలో అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాకార్డ్ గ్రేట్ డేన్‌ను సెయింట్ బెర్నార్డ్‌తో కలిపారు. పుట్టినవాటిలో చాలా పిల్లలకు కొన్ని నెలలకే వెనక కాళ్లు పడిపోయాయి.

తల్లి మాటను విస్మరించరాదు. 1938లో కేంబ్రిడ్జిలో షైర్ అనే భారీ గుర్రాన్ని, షెట్లాండ్ అనే పొట్టి గుర్రాన్ని రెండు విధాలా కలిపి చూశారు. తల్లి షైర్ అయినప్పుడు పిల్ల పెద్దదిగానూ, షెట్లాండ్ అయినప్పుడు చిన్నదిగానూ పుట్టింది. ఆ తేడా పెరిగాక కూడా పోలేదు. చిన్న ఆడకుక్కకు పెద్ద మగకుక్కను దాటిస్తే, ముఖ్యంగా కడుపులో పిల్లలు ఒకటో రెండో వున్నప్పుడు, కాన్పు కష్టమై తల్లి ప్రాణానికే ముప్పు.

కాపలాకూ తోలకానికీ అంత ఎత్తే అవసరమా అనేది వేరే ప్రశ్న. మన కోస్తాకు చెందిన జోనంగి మధ్యరకం ఎత్తు కుక్క. కురచ వెంట్రుకలు, మడతలు పడిన నుదురు. మొరగడం అరుదు, రాగం తీసినట్లు అరుస్తుంది. నేలలో గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది. కొల్లేరు చుట్టుపక్కల కోత కోసిన వరిచేలలో బాతుల మందలను తోలిన కుక్క ఇదే. చేపల చెరువులు వచ్చి బాతుల మందలు తగ్గడంతో దాని పనీ తగ్గింది, అదీ తగ్గింది. దానిని పెద్ద జాతులతో కలిపి ఎత్తు పెంచాలనుకోవడం ఎండకూ బురదకూ తట్టుకునే ఆ ఒంటిని చెడగొట్టడమేనని ఈ విలేఖరి అభిప్రాయం.

పిల్లను కొనేవారు తండ్రి ఫోటో చూసి సరిపెట్టుకోక తల్లిని కళ్లారా చూడాలి. వీలైతే అంతకుముందు ఈత పిల్లలు ఇప్పుడు ఎంత ఎదిగాయో విచారించాలి. తండ్రి, తాత ఒకే కుక్క కాదు గదా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. తెల్లని పిల్ల అయితే, అది అటు తిరిగి తింటున్నప్పుడు నేల అదరకుండా వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో కొట్టి, చెవి తిప్పుతుందో లేదో చూసి మరీ బేరమాడాలి.