బయటివారికి చిట్టా చూపుట



నేటి వర్తకసంస్థలు తమ కొనుగోలుదారుల వివరములను కాగితపు చిట్టాలలో గాక కంప్యూటరులలో వ్రాసి యుంచుచున్నవి. ఎవరేమి కొనిరి, ఎంత బాకీ యున్నది, ఏమి ఫిర్యాదు చేసిరి, ఇవన్నియు నందుండును. ఈ పనికి వాడు సాధనములలో సేల్స్‌ఫోర్సు ప్రసిద్ధమైనది. 1999లో అమెరికాయందలి సాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపింపబడిన యా సంస్థకు మన హైదరాబాదునందును కార్యాలయము కలదు.

ఆ చిట్టాను సంస్థలోని ఉద్యోగులు మాత్రమే చూచినచో చిక్కు తక్కువ. కాని సరకు నమ్ము దుకాణదారులకును, కొన్న గృహస్థులకును తమ తమ వివరములు చూచుకొను వీలు కల్పింపవలసి వచ్చును. ఇట్టి బయటివారికి ప్రవేశ మెట్లు కల్పింతురో, అందు వహింపవలసిన జాగ్రత్త యేమో విన్నవించెదను.

నీటిపంపులు చేయు కంపెనీ యొకటి యున్నదనుకొందము. తెనాలిలో నొక దుకాణదారు దాని సరకు నమ్ముచున్నాడు. మొదట ఆ దుకాణము పేర నొక ఖాతా తెఱవవలయును. దాని క్రింద ఆ మనుష్యుని పేరు, ఈమెయిలు చిరునామా వ్రాయవలయును. ఆ ఖాతాకు బాధ్యుడైన కంపెనీ ఉద్యోగికి సంస్థలో నొక హోదా నిర్ణయమై యుండవలెను. అది లేనిచో కంప్యూటరు ముందుకు సాగనీయదు. క్రొత్తగా ఈ పని నేర్చువారు తఱచుగా నిక్కడనే ఆగిపోవుదురు.

పిమ్మట దుకాణదారుని వ్యాపార భాగస్వామిగా చేర్చి, తగిన లైసెన్సును, ప్రవేశనామమును ఈయవలయును. ఆ నామము ఈమెయిలు చిరునామా రూపముననే యుండవలెను. ప్రపంచమునందు సేల్స్‌ఫోర్సు వాడువారిలో మఱియెవ్వరికిని అదే నామ ముండరాదు. తుదకు అతని తరగతివారిని, బయటివారికై యేర్పఱచిన పుటకు సభ్యులుగా చేర్చినగాని అతడు లోనికి రాజాలడు.

ఇంతవఱకు పని సులభమే. అతడెంత చూడవచ్చునను నిర్ణయమే అసలైన పని. పూర్వము కరణముగారి దస్త్రములో రైతు తన సర్వే నెంబరు చూచుకొనుట వేఱు, దస్త్రమంతయు ఇంటికి కొనిపోవుట వేఱు. తెనాలి దుకాణదారునకు ఒంగోలు దుకాణదారుని లెక్కలతో పనిలేదు. కావున బయటివారి విషయమున మొదట సర్వమును మూసియుంచి, పిదప ఎవరికి కావలసినంత వారికి తెఱచుటయే క్షేమము. ఇందుకై సేల్స్‌ఫోర్సులో ఉద్యోగులకొక హద్దును, బయటివారికి వేఱొక హద్దును పెట్టు సదుపాయము కలదు.

ఈ హద్దు సరిగా పెట్టనిచో నేమగునో 2023 ఏప్రిలులో లోకమునకు తెలిసినది. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున, మహమ్మారికాలపు నిరుద్యోగ సహాయమునకు అర్జీ పెట్టుకొన్నవారి పేర్లు, చిరునామాలు, బ్యాంకు ఖాతా నెంబర్లు, ప్రవేశనామమైనను లేని అతిథులకు కనబడుచుండెను. దొంగ తాళము పగులగొట్టలేదు. అతిథికి ఇయ్యదగనంత అనుమతి యిచ్చుటయే కారణము. కష్టకాలమున సర్కారును నమ్మి వివరములిచ్చిన బీదవారికి ఇది యెంత యపకారమో యోచింపుడు.

మఱియొక జాగ్రత్త కలదు. దుకాణదారు వ్యాపారము మానినచో ఆనాడే అతని ప్రవేశమును నిలిపివేయవలెను. సేల్స్‌ఫోర్సులో ఒకసారి చేర్చినవాని పేరును తుడిచివేయుటకు వీలులేదు; ప్రవేశమును రద్దుచేయుట మాత్రమే సాధ్యము. ఇది మేలే. అతడు పూర్వము వ్రాసినవన్నియు అతని పేరనే నిలిచియుండును గనుక, తగవు వచ్చిననాడు నిజము తేల్చవచ్చును.

మీ పిల్లలలో నెవరైన ఇట్టి కొలువులో నున్నచో, ఎవరికి తలుపు తీసితిరని మాత్రమే గాక, ఎవరికి మూసితిరని కూడ అడుగుడు. మీరును ఏ కంపెనీకైనను, కచ్చేరికైనను మీ వివరము లిచ్చునపుడు, వీనిని మఱియెవరు చూతురని అడుగ వెనుదీయకుడు. అట్లడుగుట మీ హక్కు.