విశ్వవిద్యాలయ కంప్యూటర్ సేవల ప్రణాళికాబద్ధ విరామం: గరివిడి వైపు నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: నిర్వహణ పనుల కోసం విశ్వవిద్యాలయాలు తమ కంప్యూటర్ సేవలను అప్పుడప్పుడు నిలిపివేయక తప్పదు. ఆ విరామం ఎప్పుడన్నది సాధారణంగా సర్వర్లు ఉన్న కేంద్రమే నిర్ణయిస్తుంది. సేవలను వాడుకునే దూరపు కళాశాల పరిస్థితులను బట్టి దానిని నిర్ణయించవలసిన అవసరాన్ని విజయనగరం జిల్లా గరివిడి ఉదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గరివిడి, సర్వర్ నిర్వహణ, సేవా విరామం, విద్యుత్ సరఫరా, పరీక్షల విభాగం.

ఉపోద్ఘాతం

యంత్రాన్ని ఆపడం ఎంత పనో గరివిడికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఇక్కడి శ్రీరామ్‌నగర్‌లోని ఫేకర్ కర్మాగారం ఫెర్రో అల్లాయ్స్ తయారీకి పేరుపొందింది. ఇటువంటి పరిశ్రమలలో విద్యుత్ కొలిమి ఎక్కువసేపు చల్లబడితే లోపలి సరుకు గడ్డకడుతుంది. దానిని తిరిగి దారికి తేవడానికి ఎంతో కరెంటు, ఎంతో సమయం ఖర్చవుతాయి. కనుక కొలిమిని ఆపే ముందే మళ్ళీ ఎలా నడపాలో ఆలోచించుకుంటారు. కంప్యూటర్ సేవల విషయంలో ఈ జాగ్రత్త అరుదుగా కనిపిస్తుంది. ఆగిన సర్వర్ కూడా చూడడానికి నడుస్తున్న సర్వర్‌లాగే ఉండడం అందుకు ఒక కారణం కావచ్చు.

గరివిడిలోని పశువైద్య కళాశాల 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినది. ఆ కేంద్రం ఇక్కడికి సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉంది. సాంకేతిక విద్య వైపు చూస్తే, 2022లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం-గురజాడ, విజయనగరంలో ఉంది. అంటే ఒకే ఊరి విద్యార్థులు, అధ్యాపకులు రెండు వేర్వేరు విశ్వవిద్యాలయాల పనివేళలకు లోబడి ఉంటారు.

తీరిక సమయం ఎవరిది?

విరామానికి రాత్రివేళ, ఆదివారం, వేసవి సెలవులు అనువైనవని స్థూలంగా భావిస్తారు. ఇది సగమే నిజం. తరగతులు లేని వేసవిలోనే ఫలితాల ప్రకటన, ధ్రువపత్రాల జారీ, ప్రవేశాల పనులు ముమ్మరమవుతాయి. రాత్రివేళ సర్వర్ల మీద ఒత్తిడి తక్కువే గాని, నకలు భద్రపరిచే పనులు సాధారణంగా అప్పుడే నడుస్తాయి. అవి సగంలో ఆగితే మర్నాడు తిరిగి చేరుకోవడానికి నమ్మదగిన నకలు ఉండదు.

సేవా లభ్యతను శాతాలలో చెప్పే అలవాటు కూడా కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఏడాదికి 8,760 గంటలు. 99.9 శాతం లభ్యత అంటే ఏడాది మొత్తం మీద ఆగగలిగేది సుమారు 8 గంటల 46 నిమిషాలే. నెలకు నాలుగు గంటల చొప్పున ఆపితే లభ్యత 99.45 శాతానికి దిగుతుంది. అయితే ఈ లెక్కకు గంటలన్నీ సమానమే. ప్రశ్నపత్రాన్ని పరీక్షకు కొద్దిసేపటి ముందు ఆన్‌లైన్‌లో కళాశాలలకు పంపే పద్ధతి ఉన్నచోట, ఆ ఉదయం పోయిన ఇరవై నిమిషాలు ఒక రాత్రి పోయిన నాలుగు గంటలకంటే ఖరీదైనవి. శాతం కంటే ముందు పరీక్షల విభాగపు క్యాలెండరును చూడాలి.

కేంద్రానికి కనిపించని విషయాలు మరికొన్ని ఉన్నాయి. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. ఆ రోజు గరివిడిలో ఒకరు అందుబాటులో ఉండి రౌటర్ చూడాలని తిరుపతి నుంచి కోరడం తేలికే. ఆ మనిషి దొరకడమే కష్టం.

విద్యుత్తు, వాతావరణం

ఈ ప్రాంతానికి విద్యుత్తు అందించేది తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. లైన్ల మరమ్మతులకో, తీగలకు తగిలే చెట్ల కొమ్మల తొలగింపుకో సరఫరా ఆపవలసి వచ్చినప్పుడు ఆ వివరాలను ముందుగా ప్రకటిస్తారు. శనివారం రాత్రి విశ్వవిద్యాలయం సర్వర్లను ఆపి, ఆదివారం పగలు ఇక్కడ కరెంటు ఆగితే, కాగితం మీద అవి రెండు చిన్న విరామాలు. సోమవారం నాటికి మార్కులు అప్‌లోడ్ చేయవలసిన అధ్యాపకునికి మాత్రం రెండు రోజులూ పోయినట్లే.

అక్టోబరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే వచ్చింది. యూపీఎస్ బ్యాటరీల మార్పు, జనరేటరు పరీక్ష వంటివి ఈ కాలానికి ముందే ముగియాలి. వేసవి వేడి బ్యాటరీల ఆయుష్షును బాగా తగ్గిస్తుంది గనుక రోహిణీ కార్తె వెళ్ళిన తరువాత వాటిని పరీక్షించడం మేలు.

వెనుదిరిగే గడువు

పనికి ఎంత సమయం పడుతుందో అందరూ అంచనా వేస్తారు. పని చెడితే పాత స్థితికి చేరడానికి ఎంత పడుతుందో లెక్కించేవారు తక్కువ. ఉదాహరణకు రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 వరకు విరామం ప్రకటించారనుకుందాం. పనికి రెండు గంటలు, పరీక్షించడానికి ఒక గంట, వెనుదిరగడానికి రెండు గంటలు పోతే, అనుకోని వాటికి మిగిలేది ఒక్క గంట. కొత్త ఏర్పాటు ఒంటిగంటకు సరిగా నడవకపోతే వెనుదిరిగే ఆలోచన మొదలవ్వాలి. రెండు దాటితే చెప్పిన వేళకు సేవలు అందవు. “ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది” అన్న మాట వినిపించేది సరిగ్గా ఆ సమయంలోనే. కనుక నిర్ణయాధికారం పనిలో మునిగి ఉన్నవారికి గాక, గడియారం చూస్తూ కూర్చున్న మరొకరికి ఉండాలి.

ఆపేటప్పుడు ముందు అప్లికేషన్లు, తరువాత డేటాబేసు, చివరికి నిల్వ వ్యవస్థ. తిరిగి నడిపేటప్పుడు దీనికి విలోమ క్రమం. లాగిన్ గుర్తింపు సర్వరు ఒక్కటి ఆగితే మిగతావన్నీ నడుస్తున్నా ఎవరూ లోపలికి వెళ్ళలేరు. ఆఖరి పరీక్షను ప్రాంగణంలోనే చేసి సరిపెట్టుకోకూడదు. అక్కడ తెరుచుకున్న పేజీ బయటి మార్గంలో తెరుచుకోకపోవచ్చు. గరివిడిలో ఒకరు లాగిన్ అయి, ఒక పత్రం ముద్రించి చూసిన తరువాతే పని అయినట్లు.

ప్రకటన

“సాంకేతిక కారణాలవల్ల సేవలకు అంతరాయం కలుగుతుంది” అన్న ప్రకటన ఎవరికీ ఉపయోగపడదు. ఏ సేవ, ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఈలోగా ఏమి చేయాలి అన్నవి సులభమైన తెలుగులో ఉండాలి. ఈమెయిల్ సర్వరును ఆపుతూ పని ఎంతవరకు వచ్చిందో ఈమెయిల్‌లో తెలపడం కుదరదు గనుక సంక్షిప్త సందేశాలు, బయటి సర్వరు మీద ఉండే సమాచార పుట అవసరమవుతాయి.

కొన్ని పనులు ఎంత ముందు చెప్పినా ఆగవు. ఈనలేక అవస్థపడుతున్న గేదెను అర్ధరాత్రి తెచ్చిన రైతును సర్వరు వచ్చేదాకా ఆగమనలేరు. రోగుల నమోదు కంప్యూటరులో జరిగే ఏ పశువైద్యశాలలోనైనా ఆ రాత్రికి కాగితపు రిజిస్టరు సిద్ధంగా ఉండాలి. అందులో వాడవలసిన వరుస సంఖ్యలను ముందే విడిగా కేటాయించాలి; లేకుంటే తెల్లవారాక కంప్యూటరు అవే సంఖ్యలను వేరే పశువులకు ఇస్తుంది. ఆ వివరాలను మర్నాడు ఎవరు, ఎన్ని గంటలలోగా ఎక్కించాలో కూడా విరామ ప్రణాళికలోనే రాయాలి.