గుజ్జు నిల్వలను బట్టే తోతాపురి ధర

మామిడిపండు అనగానే ఆంధ్రులకు మొదట నోరూరించేది బంగినపల్లి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పండుకు గిరాకీ పళ్ల అంగళ్లలోనే ఉన్నది. తినేవారు మెచ్చితే మంచి ధర పలుకుతుంది. చిత్తూరు జిల్లాలో విస్తారంగా పండే తోతాపురి సంగతి వేరు. చిలుక ముక్కు వంటి కొన గల ఈ కాయను కొన్నిచోట్ల కలెక్టర్ కాయ అంటారు. దోరగా ఉన్నప్పుడు ఉప్పూ కారం అద్దుకుని తినేవారికి ఇది ఎంతో ప్రీతి. అయినా పంటలో అధిక భాగం చేరేది గుజ్జు ఫ్యాక్టరీలకే.

కిందటి ఏటి గుజ్జు ఎగుమతి కాక గిడ్డంగుల్లో నిలిచిపోతే, కొత్త కాయ కొనుగోళ్లు మందగిస్తాయి. 2025 సీజనులో జరిగినది ఇదే. ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు చెల్లించాలని, ఆపైన 4 రూపాయలు సబ్సిడీగా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా జూన్‌లో నిషేధం విధించగా, ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి అభ్యంతరం తెలిపారు.

పక్వానికి వచ్చిన కాయ బేరం కుదిరేదాకా ఆగదు. డబ్బాకెక్కిన గుజ్జు నెలల తరబడి ఆగుతుంది. బేరంలో రైతు చేయి కిందపడడానికి మూలం ఇక్కడే ఉన్నది. ధర అంచనా వేయదలచిన రైతు తోటలోని పూతతోపాటు గిడ్డంగిలోని డబ్బాలనూ లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.