బోదకాలు బిళ్ళ వెనుక భీమవరం మనిషి

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో దోమ అంటే రెండు భయాలు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన సాలూరు, కురుపాం, సీతంపేట కొండల్లో చలిజ్వరం. కిందికి దిగితే, మైదానంలోనూ తీరం వెంబడీ బోదకాలు. మలేరియా తెచ్చే అనాఫిలిస్ వాగుల పక్క తేటనీళ్ళలో పెరుగుతుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్‌కు మురుగే కావాలి. పారని కాలువైనా సరే, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకైనా సరే.

మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో పట్టుకున్నారని బడిపిల్లలు కూడా చెబుతారు. బోదకాలు మందు వెనుక ఒక తెలుగువాడున్న సంగతి మాత్రం, ఆ బిళ్ళలు ఇంటింటికీ పంచిన ఊళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ వెళ్ళి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల గురించి చదువుకున్నారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అక్కడి పరిశోధనకు సారథి అయ్యారు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అనగానే ఆయన పేరు వస్తుంది. ఉత్తరాంధ్ర వరకు చూస్తే మాత్రం వాటిని మించిన మేలు హెట్రజాన్. మనం డీఈసీ బిళ్ళ అంటున్నది దాన్నే.

రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులకు వేల సంఖ్యలో ఫైలేరియా, అంటే బోదకాలు జబ్బు, సోకింది. అప్పుడు గాని మందు కోసం గట్టి వెతుకులాట మొదలు కాలేదు. (ఎవరి కాలు వాస్తే ప్రయోగశాలలు కదులుతాయో చూడండి!) కాటన్ ర్యాట్ అనే ఎలుకల్లో సహజంగానే ఒక జాతి ఫైలేరియా పురుగు ఉంటుంది. రెడ్జినల్ హ్యూయిట్, సుబ్బారావు, వారి సహచరులు రకరకాల రసాయనాలను ఆ ఎలుకల మీద పరీక్షించారు. పైపరజీన్ నుంచి తయారైన డైఇథైల్‌కార్బమజీన్ ఇచ్చాక ఎలుకల రక్తంలో పిల్లపురుగులు మాయమయ్యాయి. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది ప్యూర్టోరికోలో రోగుల మీద కూడా మందు పనిచేసినట్టు వెల్లడైంది. మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావు కన్నుమూశారు.

ఈ మందు పనిచేసే తీరు విడ్డూరం. గాజుగొట్టంలో పురుగుల మీద పోస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. ఒంట్లోకి వెళ్ళాకే దాని ప్రతాపం. మన రోగనిరోధక శక్తిని పురుగుల మీదికి ఉసిగొల్పుతుంది. రక్తంలో పిల్లపురుగులు ఎక్కువున్నవారికి బిళ్ళ మింగాక జ్వరం, తలనొప్పి రావడం అందుకే. "మందు వికటించింది" అని ఊళ్ళో గగ్గోలు పుడుతుంది గాని, లోపల పురుగులు చస్తున్నాయనడానికి చాలాసార్లు అదే గుర్తు.

ఆ పిల్లపురుగులు పగలు దొరకవు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, క్యూలెక్స్ కుట్టే వేళకు రాత్రిపూట బయటి రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది ఊరు నిద్రకు ఉపక్రమించే వేళ తలుపు తడతారు. వేలికొన మీద సూది గుచ్చి, గాజుపలక మీద రక్తం పూసుకుని వెళ్తారు. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, మెలిక తిరిగిన దారప్పోగుల్లా కనిపిస్తాయి.

బిళ్ళలు ఇంటింటికీ పంచినా, చిక్కంతా మింగడం దగ్గరే. "అన్నం తిన్నాక ఏసుకుంటాన్లే" అని బిళ్ళలు గూట్లో పెట్టేస్తారు. "నాకేటైందని? కాలు సుబ్బరంగా ఉంది" అంటారు. పురుగు మోస్తున్నవారిలో చాలామందికి ఏళ్ళ తరబడి ఏ వాపూ ఉండదు. తల్లిపురుగు నాలుగైదేళ్ళో, అంతకు మించో బతికి పిల్లల్ని కంటూనే ఉంటుంది. ఒక్కసారి మింగి ఊరుకుంటే చాలకపోవడం దానివల్లే. ముదిరిన వాపు బిళ్ళతో తగ్గదు. ఆ కాలును రోజూ సబ్బుతో కడిగి, పుండు పడకుండా చూసుకోవాలి. ఇదే పురుగు తెచ్చే వరిబీజానికైతే ఆపరేషన్ ఉంది.

చైనా ఈ మందును ఉప్పులో కలిపి జనం చేత తినిపించి వ్యాధిని వదిలించుకుంది. శ్రీలంక 2016లో, థాయిలాండ్ 2017లో గట్టెక్కాయి. మన దేశం పెట్టుకున్న గడువు 2027.

రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడినవారు తప్ప మిగతా అందరూ ఈ బిళ్ళలు వేసుకోవచ్చు. పదిహేనేళ్ళు నిండినవారికి డీఈసీ మూడు, దాంతోపాటు ఇచ్చే ఆల్బెండజోల్ ఒకటి. ఖాళీ కడుపుతో వద్దు. ఈసారి ఆశా కార్యకర్త మీ గుమ్మంలోకి వస్తే, కాస్త ఏదైనా తిని, ఆమె ఎదుటే మింగండి.